తాగుడు మాన్పించాలంటే ఎక్కడికి తీసుకెళ్ళాలి? ఎర్రగడ్డా, ప్రైవేటు ఆసుపత్రా, రీహాబ్ సెంటరా?

రాత్రి పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, గూగుల్‌ల ఒక నంబర్ దొరికింది. ఇరవై వేలు అడ్వాన్స్ ఏస్తే పొద్దుగాల్నే వ్యాన్ల వచ్చి మీ బావను తీసుకపోతరంట. మూడు నెలలు ఆళ్ళే చూసుకుంటరంట. ఎయ్యమంటవా?"

"తెల్లారనియ్యక్కా" అన్నాను. తెలివితో అన్న మాట కాదు, నా అకౌంట్లో అప్పుడు ఇరవై వేలు లేవు. కానీ ఆ ఒక్క రాత్రి ఆగడం వల్ల తర్వాతి మూడు వారాలు హైదరాబాద్ సిటీలో డీ-అడిక్షన్ అని బోర్డున్న చోటల్లా తిరిగే అవకాశం దొరికింది. మీ ఇంట్లోనూ ఎవరో ఇలా ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటే, ఆ తిరుగుడులో తెలిసింది మీకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. మందుల నిర్ణయాలు వాళ్ళవే.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. "డీ-అడిక్షన్" అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు పనులు అమ్ముతున్నారు. మొదటిది మత్తు దింపడం, అంటే డిటాక్స్. ఐదు నుంచి పది రోజుల వ్యవహారం, పూర్తిగా వైద్యం. రెండోది రీహాబ్. అలవాటు, మనసు, రోజువారీ పద్ధతి మార్చే పని, వారాలో నెలలో పడుతుంది. మూడోది తర్వాతి ఏడాది, రెండేళ్ళు: మందులు, కౌన్సెలింగ్, జారితే మళ్ళీ నిలబెట్టడం. ప్రాణగండం మొదటి దాంట్లో ఉంది. గెలుపోటములు తేలేది మూడో దాంట్లో. ప్యాకేజీలు మాత్రం ఎక్కువగా రెండోదానివే, ఎందుకంటే నెలల లెక్కన బిల్లు అయ్యేది అదే.

సెంటర్ పేరు అడిగే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు: మీవాడు ఏం తీసుకుంటున్నాడు, ఒక్కసారిగా ఆపితే ఏమవుతుంది?

సారా, బ్రాందీ, విస్కీ ఏదైనా సరే, రోజూ తాగే మనిషి హఠాత్తుగా ఆపితే ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఉన్నచోటు తెలియదు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, పక్కనున్న భార్యను గుర్తుపట్టరు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. బావ పొద్దున తొంభై ఎమ్మెల్ వేసుకుంటే గానీ షేవింగ్ బ్లేడు పట్టుకోలేని స్థితిలో ఉండేవాడు. అలాంటి మనిషిని డాక్టర్ లేని గదిలో పడుకోబెట్టి "రెండు రోజులు అట్లనే ఉంటది, తర్వాత సెట్ అయితది" అనడం ప్రాణంతో చెలగాటం.

కల్లు సంగతి ఇంకోలా ఉంటుంది. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజీపాం లాంటి నిద్రమాత్రల మందు, లేదంటే క్లోరల్ హైడ్రేట్. "కల్లే కదా, బ్రాందీ కాదుగా" అని తేలిగ్గా తీసుకుంటారు. కానీ అల్ప్రాజోలం అలవాటైన ఒంటికి అది ఆగితే ఫిట్స్, పిచ్చి చూపులు, నిద్ర లేకపోవడం అన్నీ వస్తాయి. దాన్ని మెల్లమెల్లగా తగ్గించాలే తప్ప ఒక్కరోజులో ఆపకూడదు. డాక్టర్‌తో "కల్లు" అని చెప్పడానికి సిగ్గుపడకండి. ఏ కల్లు కాంపౌండ్ దగ్గర తాగుతాడో, రోజుకు ఎన్ని సీసాలో కూడా చెప్పండి.

గంజాయి ఆపితే ప్రాణభయం ఉండదు. చిరాకు, నిద్రపట్టకపోవడం, తిండి సయించకపోవడం ఉంటాయి. దానికంటూ ప్రత్యేకమైన మందు ఇప్పటిదాకా లేదు, పనంతా కౌన్సెలింగ్ మీదే. హెరాయిన్, నొప్పి మాత్రల లాంటి ఓపియాయిడ్లు ఆపితే నరకంలా ఉంటుంది కానీ సాధారణంగా చంపదు. అసలు ప్రమాదం తర్వాత ఉంది: కొన్నాళ్ళు మానేసినవాడు పాత మోతాదే మళ్ళీ తీసుకుంటే ఒళ్ళు తట్టుకోలేదు. అందుకే వాళ్ళకు బుప్రెనార్ఫిన్ లాంటి మందు మీద చాలాకాలం నిలిపి ఉంచే పద్ధతి ఉంది. "మందు లేకుండానే మాన్పిస్తాం" అని గర్వంగా చెప్పే సెంటర్ ఇలాంటి పేషెంటుకు తగినది కాదు.

ఆ తర్వాత చూడాల్సింది అతని ఇష్టం. ఆపైన ఇల్లు: దగ్గరుండి మాత్ర మింగించే మనిషి ఉన్నారా, లేక భార్య ఇప్పటికే దెబ్బలు తిని తలుపు గడియ పెట్టుకుని పడుకుంటోందా? చివరగా డబ్బు. చివర అని ఎందుకన్నానంటే, హైదరాబాద్‌లో మొదటి వారం గండం గట్టెక్కడానికి డబ్బు తప్పనిసరి కాదు.

| | మొదటి వారం వైద్యం | ఖర్చు | ఎన్నాళ్ళు | తర్వాతి ఫాలో-అప్ |
|---|---|---|---|---|
| ఎర్రగడ్డ, ప్రభుత్వ సైకియాట్రీ విభాగాలు | గట్టిది | దాదాపు లేదు | రోజులు, వారాలు | ఓపీ ఉంది, వెళ్ళేది మీరే |
| ప్రైవేటు సైకియాట్రీ ఆసుపత్రి | గట్టిది | రోజు లెక్కన, ఎక్కువ | వారం నుంచి నెల | బాగుంటుంది, ప్రతి విజిట్‌కు ఫీజు |
| ప్రైవేటు రీహాబ్ సెంటర్ | సెంటర్‌ను బట్టి, అడిగి తీరాలి | నెల లెక్కన | మూడు నుంచి ఆరు నెలలు | తరచూ ఫోన్ కాల్‌తో సరి |
| కేంద్ర సాయంతో నడిచే స్వచ్ఛంద సంస్థ | ఓ మోస్తరు | ఉచితం | నెల, ఆపైన | సంస్థను బట్టి |
| ఓపీ మందులు, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులు | తేలిక కేసులకే | తక్కువ | ఏళ్ళు | ఇదే ఫాలో-అప్ |

ఎర్రగడ్డ

"ఎర్రగడ్డకా? నాకేమన్న పిచ్చి లేసిందా?" బావ మొదటి మాట ఇదే. మన ఊళ్ళో ఆ పేరే ఒక తిట్టు. అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌కు ఉన్న పెద్ద లోపం ఏదని అడిగితే నేను ఈ పేరునే చూపిస్తాను. వైద్యం సంగతికొస్తే, తాగుడు ఆపినప్పుడు వచ్చే ఫిట్స్, మతిభ్రమణం, కల్లు కేసులు ఇక్కడి డాక్టర్లు చూసినన్ని సిటీలో ఇంకెవరూ చూసి ఉండరు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో వైన్స్‌లు, కల్లు కాంపౌండ్‌లు ఒక్కసారిగా మూతపడినప్పుడు జనం బారులు కట్టింది ఈ ఓపీ ముందే.

ఇబ్బందులూ ఉన్నాయి. రద్దీ. పొద్దున్నే వెళ్ళి చీటీ రాయించుకోవాలి, పేషెంటు పక్కన మనిషి ఉండాలి. డాక్టర్ మీతో అరగంట మాట్లాడతారని ఆశ పెట్టుకోవద్దు. కౌన్సెలింగ్ ఉంటుంది కానీ వారానికి మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడే తీరిక అక్కడ ఎవరికీ లేదు. వేరే జబ్బులు కూడా ఉంటే, అంటే కామెర్లు, కడుపు ఉబ్బరం, రక్తపు వాంతులు ఉంటే, ఉస్మానియా, గాంధీ లాంటి జనరల్ ఆసుపత్రులే నయం. అక్కడ సైకియాట్రీ విభాగమూ ఉంది, లివర్ చూసే డాక్టరూ ఉన్నారు. నిమ్స్‌లోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. ఆ పేరు వింటే పేషెంటుకు అవమానంగా అనిపించదు కాబట్టి కొందరు అక్కడికైతేనే వస్తారు. నవ్వకండి, అది కూడా ఒక కారణమే.

ప్రైవేటు సైకియాట్రీ ఆసుపత్రి

డ్యూటీ డాక్టర్ ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. గది ఉంటుంది, పక్కన మనిషిని ఉండనిస్తారు, విషయం బయటికి పొక్కదు. డబ్బుంటే మొదటి పది రోజులకు దీన్ని మించింది లేదు. పది రోజులు అని నొక్కి చెబుతున్నాను. రోజు లెక్క బిల్లుతో ఇక్కడ నెలల తరబడి ఉంచడం చాలామందికి అనవసరం. చేరేముందే "డిటాక్స్‌కు ఎన్ని రోజులు, ఆ తర్వాత ఓపీలో నడుస్తుందా?" అని అడిగి, గది అద్దె, డాక్టర్ విజిట్, ల్యాబ్ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకుంటారేమో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక జబ్బులకు మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. అది నిజమే. కానీ హెల్త్ పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ కోడ్ 12 అని ఒకటుంటుంది. మద్యం, డ్రగ్స్ లాంటి వ్యసనాల చికిత్సకు, వాటి పర్యవసానాలకు డబ్బు ఇవ్వబోమని అందులో రాసి ఉంటుంది. పాలసీ కాగితంలో ఆ లైను వెతికి చదివాకే ఆసుపత్రి గడప తొక్కండి. డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర తెలిస్తే చాలా బాధ.

రీహాబ్ సెంటర్

అక్కకు దొరికిన నంబర్ ఈ రకం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మోసపోవడానికి ఎక్కువ వీలున్నది ఇక్కడే కనుక.

ఫోన్‌లో అడ్రస్ సరిగా చెప్పలేదు, "ఔటర్ దగ్గరికి వచ్చి కాల్ చేయండి" అన్నారు. వెళ్ళాను. రెండంతస్తుల ఇల్లు, బయటి గేటుకు లోపలి నుంచి తాళం. ముందు గదిలో ఏసీ, గోడ మీద ధ్యానం చేస్తున్న మనిషి బొమ్మ, సోఫా. "పేషెంట్లు ఉండే చోటు చూపిస్తారా?" అంటే మేనేజర్ ముఖం మారింది. కాసేపు నసిగి పైకి తీసుకెళ్ళాడు. ఒకే హాలు. గోడ వారగా చుట్టిపెట్టిన పరుపులు లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి. బాత్రూములు రెండు. "డాక్టర్ ఎప్పుడొస్తారు?" "వీక్లీ వన్స్ సార్." "రాత్రి ఎవరికైనా ఫిట్స్ వస్తే?" "సీనియర్స్ చూసుకుంటరు సార్." సీనియర్స్ అంటే నర్సులు కాదు, మూడు నెలలు పూర్తయ్యాక అక్కడే వార్డెన్లుగా మారిన పాత పేషెంట్లు. దిగి వస్తుంటే ఒక కుర్రాడు నా చొక్కా కొస పట్టుకుని "అన్నా, మా అమ్మకు ఒక్క ఫోన్ చేస్తవా" అన్నాడు. నంబర్ చెప్పేలోపు వార్డెన్ వాణ్ణి పక్కకు లాగేశాడు.

అన్నీ ఇలాగే ఉంటాయనడం అన్యాయం. అదే వారం చూసిన ఇంకో సెంటర్లో నర్సు ఉంది, రోజువారీ బీపీ చార్టు మంచానికి వేలాడుతోంది, మధ్యాహ్నం గ్రూప్ సెషన్ నడుస్తుంటే తలుపు తెరిచే ఉంది. ఆదివారం కుటుంబాలను కూర్చోబెట్టి మాట్లాడతారట. అక్కడి కౌన్సెలర్ నన్ను తిరిగి ప్రశ్నలడిగింది: ఎన్నేళ్ళుగా తాగుతున్నాడు, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, షుగర్ ఉందా, చనిపోతానని ఎప్పుడైనా అన్నాడా? మొదటిచోట మేనేజర్ అడిగిన ప్రశ్న ఒక్కటే, ఫోన్‌పేనా క్యాషా అని.

కాబట్టి వెళ్ళి చూడకుండా డబ్బు కట్టవద్దు. వెళ్ళాక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. 2017 చట్టం ప్రకారం ఇలా చేర్చుకుని వైద్యం చేసే చోటు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. సొసైటీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ కాగితం చూపిస్తే ఒప్పుకోవద్దు, అవి వేరు. తర్వాత డిటాక్స్ ఎక్కడ చేస్తారని అడగండి. "మేము చేయం, ఆసుపత్రిలో పూర్తిచేసుకుని రండి" అన్నవాళ్ళను నేను ఎక్కువ నమ్ముతాను. చేస్తామంటే, సెలైన్ ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారా అని ఆరా తీయండి. ఏళ్ళుగా తాగిన ఒంట్లో ఆ విటమిన్ అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. మా బస్తీల్లో "నీరసంగ ఉన్నడు, ఒక గ్లూకోజ్ పెట్టు" అనడం మామూలే కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

"మా సక్సెస్ రేటు 95 శాతం" అంటే ఎలా లెక్కపెట్టారని అడగండి. గేటు దాటే రోజున తాగకుండా ఉన్నవాళ్ళనా, ఏడాది తర్వాత ఫోన్ చేసి కనుక్కున్నవాళ్ళనా? వ్యసన చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ జారతారని అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నైడా చెబుతుంది. బీపీ, ఆస్తమా రోగులు మందులు వదిలేసి మళ్ళీ పడిపోయే లెక్కా దాదాపు అంతే.

వ్యాన్ పంపి ఎత్తుకుపోయే సంగతి. ఇష్టం లేని మనిషిని చేర్చడానికి చట్టంలో దారి ఉంది. దానికి నామినేటెడ్ ప్రతినిధి (పేషెంటు తరఫున నిలబడేందుకు చట్టం గుర్తించిన మనిషి) దరఖాస్తు పెట్టాలి, ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టర్ లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి. అదీ ముందుగా 30 రోజుల వరకే, పొడిగించాలంటే మళ్ళీ పరీక్షలు. పెద్దమనిషిని నలుగురు పట్టుకుని వ్యాన్లో పడేసి, మూడు నెలలకు భార్యతో సంతకం పెట్టించుకుంటే అది ఈ దారి కాదు. గొలుసులతో కట్టేయడాన్ని చట్టం సూటిగా నిషేధించింది. కట్టడం, కొట్టడం, ఫోన్ మాట్లాడనివ్వకపోవడం "ట్రీట్‌మెంట్‌లో భాగం" అని ఎవరన్నా సరే, అక్కణ్ణించి లేచి వచ్చేయండి.

మరి రీహాబ్ ఎవరికి అవసరం? ఇంటి చుట్టూ తాగే స్నేహాలే ఉన్నవాడికి, ఓపీ మందులతో రెండు మూడుసార్లు ప్రయత్నించి పడిపోయినవాడికి, గంజాయి గ్యాంగు నుంచి పక్కకు తీయాల్సిన కుర్రాడికి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలైతే పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదు. ఆ ఒక్క ప్రశ్నతోనే సగం సెంటర్లు జాబితాలోంచి పోతాయి. ఆడవాళ్ళకైతే విడి వార్డు, రాత్రి ఆడ సిబ్బంది లేని చోటు అసలు ఆలోచించవద్దు, ప్రభుత్వ ఆసుపత్రో ప్రైవేటు ఆసుపత్రో చూసుకోవడమే మంచిది.

ఉచిత సెంటర్లు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి ఉన్నాయి. మంచాలు తక్కువ, ఖాళీ దొరకడమే కష్టం. దగ్గర్లో ఏది ఉందో 14446కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు, అది వ్యసనాల జాతీయ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటనల నంబర్ల కంటే ముందు దీన్ని కొట్టండి. మనసు బాగోలేక, ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనుంటే 14416, అది టెలీ మానస్.

ఇంట్లోనే ఉండి, ఓపీ మందులతో

చేతులు వణకవు, ఫిట్స్ చరిత్ర లేదు, మనిషికి మానాలని ఉంది, ఉద్యోగానికి పోతున్నాడు. ఇలాంటివాణ్ణి మూడు నెలలు గేటు లోపల పెట్టడం దండగ, ఉద్యోగం కూడా ఊడుతుంది. సైకియాట్రీ ఓపీలో నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి తాగాలనే కోరికను తగ్గించే మందులు రాస్తారు. ఇవి ఉన్నాయన్న సంగతే చాలామందికి తెలియదు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వేలో, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు.

ఈ మందులతోపాటు ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళు కూర్చుని తమ కథలు చెప్పుకునేవి. ఫీజు లేదు, ఊరూ పేరూ అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. హైదరాబాద్‌లో తెలుగులో జరిగేవీ ఉన్నాయి. బావ మొదటిరోజు వెనక కుర్చీలో కూర్చుని ఏమీ మాట్లాడలేదట. కానీ ఆర్టీసీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన కథ చెబుతుంటే "నా ముచ్చటే చెప్తుండు" అనిపించిందట. అయితే ఏఏ వైద్యం కాదు. రోజూ ఫుల్లు బాటిల్ తాగే మనిషిని రేపటి నుంచి తాగుడు బంద్ చేసి మీటింగ్‌కు రమ్మంటే దారిలో ఫిట్స్ రావచ్చు. డిటాక్స్ ముందు, మీటింగ్ తర్వాత.

ఇక బస్సుల మీద, గోడల మీద కనిపించే "పేషెంటుకు తెలియకుండా తాగుడు మాన్పిస్తాం" పొడి. అలాంటి పొట్లాల్లో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. కొన్ని ఇళ్ళల్లో డైసల్ఫిరామ్ మాత్రలు పొడి చేసి కూరలో కలుపుతారు. డాక్టర్లు వాడే మందే అది, కానీ పేషెంటుకు తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సింది. తెలియక దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె మీదికి కూడా వస్తుంది. అక్క కూడా ఒకసారి కలిపిందట. బావ ఆ రోజు పెళ్ళికి పోయి ఇంట్లో తినలేదు కాబట్టి సరిపోయింది.

మీ పరిస్థితి ఇదైతే

రోజుకూలీ, వణుకు, ఫిట్స్ చరిత్ర ఉంటే: నేరుగా ఎర్రగడ్డ లేదా ఉస్మానియా, గాంధీ. అప్పు చేసి రీహాబ్ వద్దు. నెలకు 25,000 అన్నారనుకోండి, మూడు నెలలకు 75,000 అవుతుంది, ఆ మూడు నెలల కూలీ కూడా పోతుంది. బయటికొచ్చేసరికి ఆ అప్పు టెన్షనే మళ్ళీ తాగడానికి సాకవుతుంది.

ఐటీ ఉద్యోగి, డబ్బుంది, పరువు భయం ఉంది: పది రోజుల లీవు, ప్రైవేటు ఆసుపత్రి, ఆపైన ఓపీ. ఆఫీసులో మెడికల్ లీవుకు కారణం వివరంగా చెప్పాల్సిన పనిలేదు, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం పేషెంటు హక్కు.

డ్రగ్స్ కేసు పడుతుందేమోనని కుర్రాణ్ణి దాచిపెడుతున్న తల్లిదండ్రులైతే: ఎన్డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. సొంతానికి వాడినవాడు, కొద్దిపాటి సరుకుతో దొరికినవాడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది, చికిత్స పూర్తి చేయాలన్న షరతుతో. ఇక్కడ "గుర్తించిన" అనే మాట ముఖ్యం. ఊరవతల బోర్డు లేని ఇంట్లో మూడు నెలలు ఉంచితే ఈ రక్షణ రాదు.

ఇంట్లో కొడుతున్నాడు, పిల్లలు భయపడుతున్నారు అంటే: అతణ్ణి ఎక్కడ చేర్చాలనేది రెండో సంగతి. మీరు, పిల్లలు ముందు పుట్టింటికో ఇంకెక్కడికో వెళ్ళండి. మానాక మారతాడులే అని అక్కడే ఉండి ఎదురుచూడొద్దు.

ఫిట్స్ ఇప్పుడే వచ్చాయి, లేదా మనిషి పొంతనలేని మాటలు మాట్లాడుతున్నాడు అంటే ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

బావ విషయం. "పిచ్చాసుపత్రి కాదు బావా, వణుకు తగ్గేదాకా" అని ఎర్రగడ్డలో చేర్చాం. పన్నెండు రోజులు. రీహాబ్‌కు పంపలేదు, అక్క ఆ డబ్బుతో స్కూల్ ఫీజు కట్టింది. నెలకోసారి మెట్రో ఎక్కి ఓపీకి వెళ్ళొస్తాడు, గురువారం సాయంత్రం మీటింగ్. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి మూడు రోజులు తాగాడు. నాలుగో రోజు పొద్దున అక్క నాకు ఫోన్ చేసేసరికే చీటీ పట్టుకుని ఓపీ లైన్లో నిలబడి ఉన్నాడు.